సిరప్ రాయకు బిడ్డా

మైలార్‌దేవ్‌పల్లి,
ఆదివారం

బిడ్డా,

నువ్వు పంపిన రిపోర్టులన్నీ చూశాను. ఏడాది నిండని పర్షియన్ పిల్లి, యాంటీబయాటిక్‌కు లొంగని జ్వరం, పొట్టనిండా తేనె రంగులో తీగలు సాగే నీరు, ఆల్బుమిన్-గ్లోబ్యులిన్ నిష్పత్తి 0.4 కన్నా తక్కువ, ఆ నీటిలోనే పీసీఆర్ పాజిటివ్. ఎఫ్‌ఐపీ (ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్) అని తేల్చడంలో నువ్వు తొందరపడలేదు. మందు మొదలయ్యాక తిండి తింటోందని, పొట్ట దిగిందని రాశావు, సంతోషం. నీ అసలు బెంగ ఉత్తరం చివర రెండు లైన్లలో ఉంది. క్రియాటినిన్ పెరిగింది. ఆ పిల్లి ఇంటావిడేమో దీనికి ఇమ్యూనిటీ పెంచే సిరప్ ఏదన్నా రాయమని పొద్దున లేస్తే ఫోన్ చేస్తోంది.

రాయకు. రాస్తే ఏమవుతుంది, తీపి నీళ్లేగా అంటావేమో. ఆ సిరప్ పిల్లికి ఏం చేసినా చేయకపోయినా, నువ్వు రాసిన మరుక్షణం ఆమెకు ఒక తప్పు లెక్క నేర్పినట్టవుతుంది: జబ్బు వచ్చిందంటే ఇమ్యూనిటీ తక్కువైందని. కోవిడ్ తర్వాత మన జనం ఆ మాటను కషాయంతో కలిపి తాగేశారు. ఈ జబ్బులో ఆ లెక్క తిరగబడుతుంది. పిల్లి కిడ్నీని దెబ్బతీసే వాటిలో వైరస్ వాటా ఎంతో, వైరస్ మీదికి లేచిన దాని సొంత ఒంటి వాటా అంతకన్నా తక్కువేం కాదు.

కాలేజీలో చదివావు కానీ పరీక్ష కోసం చదివింది వేరు. ఇప్పుడు ఎదురుగా పిల్లి ఉంది కాబట్టి మళ్లీ చెబుతాను. పిల్లుల కరోనా వైరస్ మామూలుగా పేగుల్లో ఉంటుంది. నాలుగైదు పిల్లులున్న ఇంట్లో దాదాపు అన్నింటికీ సోకుతుంది. రెండు రోజులు విరేచనాలు, లేదంటే అదీ ఉండదు. సోకిన నూటిలో ఐదో పదో పిల్లుల్లో, ఎక్కువగా రెండేళ్ల లోపు వాటిలో, వైరస్ అదే ఒంట్లో ఉండగా మారిపోతుంది. పేగు కణాలను వదిలి మోనోసైట్లలో, మాక్రోఫేజ్‌లలో బతకడం నేర్చుకుంటుంది. క్రిములను మింగి చంపాల్సిన కణాలే అవి. వాటిలోనే ఎక్కి అది ఒళ్లంతా తిరుగుతుంది.

ఇక్కడ టీ కణాల రక్షణ గట్టిగా లేస్తే పిల్లి బతికిపోతుంది, జబ్బు వచ్చిందన్న సంగతి కూడా మనకు తెలియదు. ఆ రక్షణ అరకొరగా ఉంటే పొడి రకం ఎఫ్‌ఐపీ. అది చేతకాక యాంటీబాడీలు మాత్రం కుప్పలుగా తయారైతే నీ పిల్లిలా పొట్టలో నీరు. ఆ రిపోర్టులో ఆకాశాన్ని అంటిన గ్లోబ్యులిన్ అంకె చూశావు కదా, అదంతా ఏంటనుకున్నావు? ఇమ్యూనిటీయే. పనికిరాని రకం ఇమ్యూనిటీ, మోయలేనంతగా.

1981లో కార్నెల్ యూనివర్సిటీలో వీస్, స్కాట్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఒకటుంది. నేను చదువుకున్నప్పటి నుంచి నా బుర్రలోంచి పోలేదు. పిల్లి కూనలకు ముందుగానే ఈ వైరస్ యాంటీబాడీలు ఎక్కించి, తర్వాత వైరస్ ఇచ్చారు. యాంటీబాడీలు అందిన కూనలు గట్టెక్కాలి కదా? వాటికే జబ్బు ముందొచ్చింది, ముదిరి వచ్చింది. వాళ్లు దాన్ని డెంగ్యూతో పోల్చి రాశారు. వానాకాలం వస్తే మన కాటేదాన్ బస్తీల్లో చూస్తూనే ఉంటాం, డెంగ్యూ రెండోసారి వేరే రకం వైరస్‌తో వచ్చిన మనిషికి ఎందుకు ఎక్కువ ప్రమాదమో. పాత యాంటీబాడీ కొత్త వైరస్‌ను పట్టుకుంటుంది గానీ చంపలేదు, పట్టుకున్నదాన్ని మాక్రోఫేజ్ లోపలికే చేరవేస్తుంది. 1990లో డచ్ శాస్త్రవేత్తలు ఈ వైరస్ పైముళ్ల ప్రొటీన్‌తో ఒక టీకా తయారుచేసి చూశారు. టీకా పడిన కూనలు పడని వాటికంటే ముందే చనిపోయాయి. లాబ్‌లో కాకుండా ఇళ్లలో సహజంగా జబ్బు పడే పిల్లుల్లో ఇది ఎంత పెద్ద కారణమన్న దాని మీద పండితులు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. కొట్లాడుకోనీ. ఆ ఇంటావిడకు చెప్పడానికి నీకు ఈ రెండు ప్రయోగాలు చాలు.

ఇక కిడ్నీ. నేను ఇన్నేళ్లు టేబుల్ మీద కోసి చూసిన అవయవం కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టు.

పిల్లి కిడ్నీ మీద పొర కింద సిరలు నక్షత్రంలా విచ్చుకుని కనిపిస్తాయి. ఇంకే జంతువు కిడ్నీ పక్కన పెట్టినా పిల్లిదేదో ఆ సిరలను బట్టే చెప్పొచ్చు. ఎఫ్‌ఐపీలో, ముఖ్యంగా పొడి రకంలో, తెల్లటి బొడిపెలు సరిగ్గా ఆ సిరల వెంబడే వరుస కడతాయి. పొర ఒలిస్తే కిందంతా ఎగుడుదిగుడు. కోసి చూస్తే ఆ తెలుపు లోపలికి, కార్టెక్స్‌లోకి దిగి ఉంటుంది. మైక్రోస్కోప్ కింద పెడితే సిర చుట్టూ మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్, ప్లాస్మా కణాలు, మధ్యలో నలిగిన కణజాలం. పాత పుస్తకాలు దీనంతటికీ ఇమ్యూన్ కాంప్లెక్సులే కారణమని రాశాయి. 2005లో కిపార్, ఆమె తోటివాళ్లు వేరే సంగతి చూపించారు: వైరస్ మోస్తున్న మోనోసైట్లు రెచ్చిపోయి సిర గోడకు అంటుకుని దాన్ని లోపలి నుంచి కొరికేస్తాయి. అదీ అన్ని సిరల్లో జరగదు. కిడ్నీ, కన్ను, మెదడు పొరలు ఇలాంటి కొన్ని చోట్ల చిన్న, మధ్య రకం సిరల్లోనే. అందుకే కిడ్నీ చెడిన పిల్లి కళ్లలోకి టార్చి వేసి చూడమని నీకు ఎప్పుడూ చెబుతుంటాను. ఒకచోట కనిపించింది రెండోచోట కూడా ఉండొచ్చు.

అలాగని ఇమ్యూన్ కాంప్లెక్సులకు సంబంధమే లేదనుకోకు. వాటి పని ఇంకోచోట, రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌లో. పిల్లికి ఒక్కో కిడ్నీలో దాదాపు రెండు లక్షల నెఫ్రాన్లు, మనిషికి పది లక్షలు. అంటే మొదటినుంచీ దాని చేతిలో ఉన్నదే తక్కువ. వైరస్ ముక్కా యాంటీబాడీ అతుక్కుని ముద్దలైనవి రక్తంలో తిరిగి తిరిగి ఈ జల్లెడలో ఇరుక్కుంటాయి. ఇరుక్కుని ఊరికే ఉంటే పోనీ, అక్కడికి రక్తంలోని కాంప్లిమెంట్ ప్రొటీన్లను పిలుస్తాయి. కాంప్లిమెంట్ వెనకాల న్యూట్రోఫిల్స్. జల్లెడ కన్నాలు వెడల్పయి, ఒంట్లో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. ఎఫ్‌ఐపీ పిల్లుల గ్లోమెరులస్‌లో ఐజీజీ, సీ3 పేరుకుని ఉండటం 1980ల నాటికే రంగు వేసి చూపించారు.

అంటే ఒకే కిడ్నీకి రెండు వేర్వేరు దెబ్బలు. సిరల వెంబడి గడ్డలు కట్టేది ఒకటి, జల్లెడను చింపేది రెండోది. మొదటిది ముదిరితే క్రియాటినిన్ పెరుగుతుంది. రెండోది చాలాకాలం పాటు క్రియాటినిన్‌ను కదిలించకుండా మూత్రంలో మాత్రమే కనిపిస్తుంది. నువ్వు పంపిన కాగితాల్లో రక్తం రిపోర్టులు వరసగా ఉన్నాయి గానీ మూత్రం రిపోర్టు ఒక్కటీ లేదు! కోపంగా అనడం లేదు. మన దగ్గర చాలా క్లినిక్‌లలో ఇదే అలవాటు, రక్తమైతే మెషీన్‌లో పెడితే అంకె వస్తుంది, మూత్రమైతే సూది గుచ్చాలి, స్పిన్ చేయాలి, కళ్లు పెట్టి చూడాలి. కానీ క్రియాటినిన్ హద్దు దాటేసరికి కిడ్నీ పనిలో మూడు వంతులు పోయి ఉంటుంది. నాలుగో వంతు మిగిలినప్పుడు కబురు చెప్పే పరీక్షను నమ్ముకుని కూర్చోవద్దు.

రేపే మూత్రం తీయి. ట్రేలోది వద్దు, సిస్టోసెంటెసిస్ చేసి నేరుగా బ్లాడర్ నుంచి తీయి. స్పెసిఫిక్ గ్రావిటీ రిఫ్రాక్టోమీటర్‌లోనే చూడు, డిప్‌స్టిక్ మీద ఆ గడి పిల్లులకు పనికిరాదు. 1.035 దాటితే కిడ్నీ ఇంకా నీరు పట్టుకోగలుగుతోందన్నమాట, అప్పుడు పెరిగిన క్రియాటినిన్‌కు ఒంట్లో నీరు తగ్గడమే కారణం కావచ్చు. ఆ పిల్లి మొన్నటిదాకా తినలేదు, తాగలేదు, జ్వరంలో ఉంది. సెలైన్‌తో నీటి లోటు తీర్చి రెండు రోజుల తర్వాత మళ్లీ చూడకుండా కిడ్నీ ఫెయిల్యూర్ అన్న మాట నోటి నుంచి రానివ్వకు. ఆ మాట ఒకసారి విన్న ఇంటివాళ్లు ఇంకేం వినరు. తర్వాత యూపీసీ, అంటే మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి. సెడిమెంట్‌లో చీము కణాలు, బ్యాక్టీరియా లేకుండా యూపీసీ 0.4 దాటి, రెండు వారాలకు మళ్లీ చూసినా అలాగే ఉంటే అది జల్లెడ గొడవే.

అది పర్షియన్ అని రాశావు, కాబట్టి ఇంకో మాట. పర్షియన్ల వంశంలో కిడ్నీలో నీటి తిత్తులు పెరిగే పీకేడీ జబ్బు బాగా ఉంది. చేతికి గుండ్రంగా, ఎగుడుదిగుడుగా తగిలే కిడ్నీ అదీ కావచ్చు, ఎఫ్‌ఐపీ గడ్డలూ కావచ్చు, లింఫోమా కూడా కావచ్చు. అల్ట్రాసౌండ్ చూడనిదే వేలితో తేల్చకు. పనిలో పనిగా ఎఫ్‌ఐవీ, ఫెల్వ్ వైరస్‌ల కిట్ కూడా వేయి. గ్లాస్గోలో జారెట్ 1964లో కనిపెట్టిన ఫెల్వ్, డేవిస్‌లో పెడర్సన్ వాళ్లు 1986లో వేరుచేసిన ఎఫ్‌ఐవీ, రెండూ గ్లోమెరులస్‌ను ఇదే దారిలో పాడుచేయగలవు. 2012లో హాంకాంగ్ వాళ్లు వీధి పిల్లుల్లో ఒక మార్బిలివైరస్‌ను పట్టి, దానికీ కిడ్నీ వాపుకూ ముడి ఉందన్నారు. దాన్ని వెతికే పరీక్ష నీకు ఇప్పుడు అవసరం లేదు. పిల్లి కిడ్నీ మీద కన్నేసిన వైరస్ ఒక్కటే కాదని తెలిస్తే చాలు.

మందు సంగతికి వస్తాను. నేను సర్వీసులో చేరినప్పుడు ఎఫ్‌ఐపీ అంటే యజమానికి కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పే జబ్బు. 1963లో బోస్టన్‌లో జీన్ హోల్జ్‌వర్త్ దీన్ని మొదటిసారి వర్ణించిన నాటి నుంచి 50 ఏళ్లకు పైగా మా చేతుల్లో స్టెరాయిడ్ తప్ప ఏమీ లేదు. 2019లో పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లులకిచ్చి చూస్తే 25 నిలబడ్డాయి. ఆ మందు మనకు పరాయిదేం కాదు. కోవిడ్‌లో జనం దవాఖానాల ముందు క్యూ కట్టిన రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లి మారేది ఆ పదార్థంగానే. 2020 జూన్‌లో మన హైదరాబాద్ హెటెరో కంపెనీ కోవిఫర్ పేరుతో తెచ్చింది, సీసా 5,400 రూపాయలు. మరుసటి ఏడాది సెకండ్ వేవ్‌లో ఆ సీసా కోసం మనుషులు ఎంత పరుగెత్తారో నీకూ గుర్తుండే ఉంటుంది. పిల్లుల జబ్బుకు ఇంత బాగా పనిచేసే మందు అదేనని అప్పుడు ఎవరికైనా చెబితే కొట్టేవాళ్లు.

ఈ మందు వైరస్‌ను ఆపుతుంది. వైరస్ ఆగితే యాంటీబాడీలకు అతుక్కోవడానికి ఏమీ ఉండదు, జల్లెడ మీద కొత్త ముద్దలు పడవు, మోనోసైట్లు శాంతిస్తాయి. ఇమ్యూనిటీని పెంచకుండానే, దాన్ని రెచ్చగొట్టేదాన్ని తీసేయడం. కిడ్నీకి నువ్వు చేయగల పెద్ద సాయం ఇదే. అందుకని క్రియాటినిన్ చూసి భయపడి మందు మధ్యలో ఆపకు. మొదట్నుంచీ 84 రోజుల కోర్సు అని అందరూ పాటించారు. నీరు చేరిన రకానికి, నోటి మాత్రలతో, 42 రోజులు చాలని 2024లో మ్యూనిక్ వాళ్లు చూపించారు. కళ్లకూ మెదడుకూ ఎక్కిన రకానికి అది వర్తించదు. నీ పిల్లికి కిడ్నీ ప్రశ్న తేలలేదు కాబట్టి నేనైతే పొడుగు కోర్సే ఇస్తాను. ఇది నా అభిప్రాయం, నువ్వు కాదంటే నీ కారణాలు రాయి.

మందుతో కూడా జాగ్రత్త ఉంది. కోర్సులో ఉన్న పిల్లుల మూత్రంలో ఈ మందే రాళ్లుగా గడ్డకట్టిన కేసులు రెండు 2024లో అచ్చయ్యాయి. మూత్రం చూడమనడానికి ఇంకో కారణం దొరికింది నాకు! ఇంకా, లేబుల్ సరిగా లేని సీసాలు చేతులు మారుతూ వస్తుంటాయి. పైన రాసిన బలం ఒకటి, లోపలున్నది ఇంకొకటి. ఆ ఇంటావిడ ఎక్కడ తెప్పిస్తోందో మొహమాటపడకుండా అడుగు. బరువు ప్రతి వారం తూచు. కోలుకునే కూన బరువు పెరుగుతుంది, డోసు పాత బరువు దగ్గరే ఆగిపోతే జబ్బు తిరగబెడుతుంది.

చేయకూడనివి కొన్ని. పొట్టలో నీరుందని ఫ్యూరోసెమైడ్ ఇవ్వకు. ఆ నీరు గుండె జబ్బుది కాదు, సిరలు కారిన నీరు. ఫ్యూరోసెమైడ్ దాన్ని ఎండగట్టదు, రక్తాన్ని ఎండగట్టి కిడ్నీని చంపుతుంది. ఊపిరి ఆడకపోతే తప్ప పొట్ట ఖాళీ చేయకు. జ్వరానికి మెలాక్సికమ్ చేతికి రావడం సులువు, ఈ క్రియాటినిన్‌తో వద్దు. జెంటామైసిన్ అసలే వద్దు. ఇంట్లో ఎవరూ పారాసెటమాల్ చుక్క కూడా వేయకూడదని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వు. యూపీసీ దిగకపోతే టెల్మిసార్టన్ గురించి ఆలోచిద్దాం, కానీ నీటి లోటు తీరాకే. కిడ్నీ డైట్ డబ్బా ఇప్పుడే తెరిపించకు. చిక్కిపోయిన కూనకు మాంసకృత్తులు కోసేస్తే కండే కరుగుతుంది. తిన్నదేదో తిననీ.

ఆ ఇంట్లో ఇంకో మూడు పిల్లులున్నాయన్నావు. వాటికి యాంటీబాడీ టెస్టు చేయించమని ఆమె అడుగుతుంది, చేయించకు. నాలుగు పిల్లులున్న ఇంట్లో అది పాజిటివ్ రాకపోతేనే వింత, వచ్చిందంటే ఎఫ్‌ఐపీ అని కాదు. ఆమెకు చెప్పాల్సింది వేరే ఉంది. మట్టి ట్రేలు పిల్లికొకటి చొప్పున పెట్టి, పైన ఒకటి ఎక్కువ ఉంచమను, తిండి గిన్నెలకు దూరంగా, రోజూ రెండు పూటలా శుభ్రం చేయాలి. కొత్త కూనను ఇప్పుడు కొనొద్దు. గుంపుగా పెంచి అమ్మే చోట ఎనిమిది వారాలకే తల్లి నుంచి విడదీసి, టీకా, రవాణా, కొత్త ఇల్లు, ఆపరేషన్ అన్నీ ఒక్క నెలలో మీద పడేస్తారు. అలా ఒళ్లు నలిగిన కూనల్లోనే ఈ జబ్బు ఎక్కువగా చూశాను.

కరోనా అనగానే ఆమె మనుషులకు అంటుతుందా అని తప్పకుండా అడుగుతుంది. మన ఊళ్లో పిల్లి జాతి మాట వస్తే రెండు సంగతులు లేస్తాయి, 2020 మేలో కాటేదాన్ అండర్‌బ్రిడ్జి దగ్గర నడిరోడ్డు మీద పడుకున్న చిరుత, మరుసటి మేలో జూ పార్కు సింహాలకు కోవిడ్. ఎనిమిది ఆసియా సింహాలకు పాజిటివ్ అని తేల్చింది మన పక్కనే అత్తాపూర్‌లో ఉన్న సీసీఎంబీ వారి లాకోన్స్ లాబే. అవన్నీ కోలుకున్నాయి. ఆ వైరస్ మనుషుల నుంచి సింహాలకు పోయింది. ఇది పిల్లుల సొంత వైరస్, మనిషికి రాదు. పేరులో కరోనా ఉన్నంత మాత్రాన పిల్లిని వీధిలో వదిలేసిన వాళ్లను చూశాం కాబట్టి, ఈ మాట ఆమె అడగకముందే నువ్వే చెప్పు. సిరప్ వద్దని చెప్పేటప్పుడు డెంగ్యూ కథతో మొదలుపెట్టు, వాళ్లింట్లోనూ ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది, తొందరగా అర్థమవుతుంది.

ఒకవేళ పిల్లి దక్కకపోతే, ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే, రాజేంద్రనగర్ కాలేజీ పాథాలజీకి తీసుకెళ్లు. మంచులో గడ్డకట్టించకు, ఫ్రిజ్‌లో ఉంచు చాలు. నువ్వే కోయాల్సి వస్తే రెండు కిడ్నీలూ పొడుగ్గా చీల్చి, పొర ఒలిచి ఫొటో తీసి, పల్చటి ముక్కలు పదింతల ఫార్మలిన్‌లో వేయి. అంతవరకు రాకూడదనే నా కోరిక, నీ రిపోర్టుల్లో తిండి, బరువు చూస్తే రాదనే అనిపిస్తోంది.

మూత్రం తీసిన గంటలోపే స్పిన్ చేసి చూడు. ఆలస్యమైతే కిడ్నీ గొట్టాల్లో అచ్చు కట్టిన కాస్ట్‌లు కరిగిపోతాయి. గ్రాన్యులార్ కాస్ట్ లాంటిదేదైనా కనిపిస్తే వాట్సాప్‌లో ఫొటో పంపకు, ఆ మసకలో నాకేమీ తెలియదు. వచ్చే ఆదివారం శంషాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఒక చిన్న గొట్టంలో తాజా శాంపిల్ ఐస్ మీద పెట్టి తీసుకురా, నా పాత మైక్రోస్కోప్ కింద ఇద్దరం చూద్దాం. యూపీసీ అంకె మాత్రం అంతదాకా ఆగకుండా రాగానే ఫోన్ చేసి చెప్పు.

నీ
చిన్నమ్మ